ఇచ్చింది ఇచ్చినట్టు

కొరాపుట్,
మే 6.

రోజారమణి గారికి,

‘గారు’ చూసి కంగారు పడకండి. నా ఎడిటింగ్ గదిలో పనిచేసిన ఆరేళ్ళూ మిమ్మల్ని ‘అమ్మీ’ అనే పిలిచాను. ఇప్పుడు రాయగడలో కళ్ళజోళ్ళ కొట్టు మేడమీద గది తీసుకుని సొంత బోర్డు పెట్టుకున్నారని విన్నాను. బోర్డు ఉన్నవాళ్ళని గారు అనకపోతే బాగుండదు.

ఇది మనసుపడి రాస్తున్న ఉత్తరం కాదు. ఒక ఆరోగ్య సంస్థ తరఫున ఈ పని చూస్తున్న గౌరీశంకర్ పెట్టిన నియమం. ఫోన్లలో మాటలు మారిపోతాయట. అంచేత మనిద్దరి మధ్య ఏదున్నా మెయిల్లోనే రాసుకోవాలట. నాకూ అదే నయం. మీ గొంతు వినక్కర్లేదు.

పని ఇది. ఈ వానాకాలం సంతల్లో తెర బిగించిన వ్యాన్లు తిప్పి చూపించడానికి తొమ్మిది ఆరోగ్య చిత్రాలు. మలేరియా, విరేచనాలు, బాలింతల తిండి, పాముకాటు, ఇలాంటివి. ఒక్కొక్కటీ ఒడియా, తెలుగు, దేశియా, కువి, సవర భాషల్లో. బొమ్మ ఒకటే, గొంతులు ఐదు. ఎడిటింగ్ అంతా నేనే చేశాను. మిగిలింది రెండరింగ్, అంటే కోసి కూర్చినదాన్ని పూర్తి వీడియోగా తయారుచేసి దించడం. నలభై అయిదు వీడియోలు నా ఒక్క కంప్యూటరు మీద దించేసరికి వానలు వచ్చేస్తాయని గౌరీశంకర్ బెంగ. మీరు ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు తెరవకుండానే, నల్ల తెర మీద ఏవో కమాండులు కొట్టి దించేస్తారని ఎవరో ఆయన చెవిన వేశారు.

మా తాతగారు జయపురం సంస్థానంలో దస్తావేజులు చూసేవారు. ఆయన కింద పదిమంది నకళ్ళు రాసేవాళ్ళు. నకలు రాసేవాడికి దస్తావేజు అర్థం కానక్కర్లేదు, అక్షరం పోకపోతే చాలు అనేవారట. నన్ను వదిలి వెళ్ళి మీరు ఏ వృత్తి పట్టుకున్నారో ఇప్పుడు బాగా అర్థమైంది.

హార్డ్ డిస్కు రేపటి బస్సులో పంపుతున్నాను.

విశాలాక్షి


రాయగడ,
మే 9.

విశాలాక్షి మేడమ్ గారికి,

నమస్కారం. డిస్కు అందింది.

మీరు దాచుకునే ప్రాజెక్టు ఫైల్లో బొమ్మలు ఉండవు మేడమ్. అన్నీ అక్షరాలే. ఏ క్లిప్పు ఏ ఫోల్డర్లో ఉంది, ఎన్నో సెకనులో మొదలై ఎక్కడ ఆగాలి, దాని మీద ఏ గొంతు రావాలి, అంతా వరసగా రాసి ఉంటుంది. నల్ల తెర మీద నేను ఒక వరస టైపు చేస్తే కంప్యూటరు ఆ అక్షరాలు చదువుకుంటూ వీడియో తయారుచేస్తుంది. నలభై అయిదు వరసలు ఒక ఫైల్లో రాసిపెడితే ఒకదాని తర్వాత ఒకటి అదే చేసుకుపోతుంది. ఈలోగా నేను అన్నం వండుకోవచ్చు, బట్టలు ఉతుక్కోవచ్చు. మీ గదిలో ఆరేళ్ళు, రెండరింగ్ ఎంతవరకు వచ్చిందో చూపే ఆకుపచ్చ గీత ఎంతదూరం పాకిందో చూస్తూ కూర్చున్నాను. అది చూస్తూ కూర్చోవడమే కళ అని మీరు చెబితే నమ్మాను.

నకళ్ళు రాసేవాళ్ళ సంగతి ఎలా ఉన్నా, దస్తావేజులు ఎలా దాచుకోవాలో మీ తాతగారు మీకు నేర్పినట్టు లేదు. మీ డిస్కులో ‘కొత్త ఫోల్డర్’, ‘కొత్త ఫోల్డర్ 2’, ‘విశాలాక్షి’, ‘విశాలాక్షి కొత్తది’ అని నాలుగున్నాయి. ఒకే గొంతు ‘ఫైనల్’ అని ఒకటి, ‘ఫైనల్ 2’ అని ఒకటి, ‘అసలు ఫైనల్’ అని మరొకటి. అవన్నీ మీ ఇంటి డి డ్రైవులో వెతుక్కోమని ఫైలు చెబుతోంది. ఆ దారులన్నీ నేను మార్చుకోవాలి. ఒడియా అక్షరాల ఫాంటు కూడా పెట్టలేదు. అది లేకుండా రెండర్ చేస్తే అక్షరాల చోట డబ్బాలు వస్తాయి.

మీ ఇంటికొచ్చిన వాళ్ళకి నన్ను ‘మిషను చూసుకునే పిల్ల’ అని చెప్పేవారు. మిషను చూసుకోవడం కూడా ఒక పనేనని మీ డిస్కు చూస్తే తెలుస్తోంది.

ఫాంటు పంపండి.

రోజారమణి


కొరాపుట్,
మే 14.

రోజారమణి గారికి,

ఫాంటు దీంతో పంపుతున్నాను.

నా ఫోల్డర్ల పేర్ల గురించి మీరు రాసింది చదివి నవ్వుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా కొరాపుట్ జిల్లాలో కెమెరా పట్టిన ప్రతివాడూ తను తీసిన చెత్తంతా తెచ్చి నా బల్ల మీదే పోశాడు. అందులోంచి మనిషి ముఖం మీద నిజమైన క్షణం ఎక్కడుందో కళ్ళతో వెతికి పట్టుకున్నాను. అది మీకు నేర్పాలనే ఆరేళ్ళు చూశాను. మీకు మాత్రం ఆ ముఖాల కన్నా అవి ఏ ఫోల్డర్లో ఉన్నాయన్నదే ముఖ్యం. గుణుపురం దగ్గర వరి మడుల్లోంచి వచ్చిన పిల్లకి ఇంతకన్నా ఆశించడం నా తప్పు.

ఈ గొంతుల పని ఎంత రోతగా నడిచిందో మీకు తెలీదు. పాముకాటు చిత్రానికి స్క్రిప్టు నేనే రాశాను. ఒక డాక్టరు చూసి ఎర్ర సిరాతో గీతలు గీశాడు. దాంతో ఐదు భాషలవాళ్ళనీ మళ్ళీ పిలిపించి ఆ ముక్క చదివించాల్సి వచ్చింది. కువి చదివే రామలక్ష్మి అని ఒకావిడ ఉంది, బంధుగాం వైపు అంగన్‌వాడీలో పని. పొద్దున్న బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరింది. రెండుసార్లు వచ్చింది. ఆ భాషలో ఆవిడేం చదువుతోందో భగవంతుడికే తెలియాలి. నాకు మాత్రం ఎవరో నోట్లో గులకరాళ్ళు వేసుకుని తిప్పుతున్నట్టు ఉంటుంది. చదివింది, నేను అతికించాను, అంతే.

ఈ నెలాఖరుకి కావాలని గౌరీశంకర్ తొందర. మీ మిషను అన్నం వండేలోపు చేసేస్తుందన్నారుగా.

విశాలాక్షి


రాయగడ,
మే 20.

విశాలాక్షి మేడమ్ గారికి,

నలభై నాలుగు తయారై గౌరీశంకర్ గారికి వెళ్ళిపోయాయి. ఒక్క వీడియో మిగిలింది.

నిన్న ఊరినుంచి మా నాన్న వచ్చాడు. గున్నయ్య అని, మీరు ఒకసారి చూశారు. చెప్పులు బయట విప్పి, వరండాలో స్టూలు మీద గంటసేపు కూర్చుంటే మీరు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. నల్ల తెర మీద అక్షరాలు పరిగెడుతుంటే చూసి, “ఏటమ్మీ, బొమ్మ నేకుండా బొమ్మ సేసేస్తన్నావా?” అన్నాడు. అవును నాన్నా అన్నాను. “మరి తప్పొస్తే కనిపించదు గదా,” అన్నాడు. వరి మడుల్లోంచి వచ్చిన మనిషికి ఆ మాత్రం తెలుసు.

అందుకే రెండర్ చేసేముందు ప్రతి ప్రాజెక్టు ఫైలూ అక్షరాలుగా తెరిచి చదువుతాను. మీకు అది గుమాస్తా పనిలా అనిపిస్తుందని తెలుసు. మీ ఎడిటింగులో పన్నెండు చోట్ల రెండు షాట్ల మధ్య ఒక నల్ల ఫ్రేము ఉండిపోయింది. మీ కళ్ళకి అందలేదు. అక్షరాల్లో దొరికింది. సరిచేశాను.

ఏడో చిత్రం కువి ప్రాజెక్టులో గొంతు ‘ఫైనల్’ నుంచి వస్తోంది. ‘అసలు ఫైనల్’ నుంచి కాదు. మిగతా నాలుగు భాషల్లో ‘అసలు ఫైనల్’ ఉంది. చూసుకోండి.

రోజారమణి


కొరాపుట్,
మే 21.

రోజారమణి గారికి,

నల్ల ఫ్రేములు సరిచేయమని మిమ్మల్ని ఎవరడిగారు? నా టైమ్‌లైన్‌లో చెయ్యి పెట్టే అధికారం మీకు ఎవరూ ఇవ్వలేదు. ఫైళ్ళ పేర్లు నాకు గుర్తు చెయ్యనక్కర్లేదు. నేను పెట్టింది నేను చూసే పెట్టాను. ఇచ్చింది ఇచ్చినట్టు దించి పంపండి. మీ పని అంతవరకే.

విశాలాక్షి


రాయగడ,
మే 22.

విశాలాక్షి మేడమ్ గారికి,

అలాగే. ఇచ్చింది ఇచ్చినట్టే దించి, నలభై అయిదోది కూడా పంపేశాను.

రోజారమణి


కొరాపుట్,
జూలై 24.

రోజారమణి గారికి,

మన చిత్రాల వల్ల జనం ఎంత బాగుపడుతున్నారో మీకూ తెలియాలని రాస్తున్నాను. రెండు నెలల తర్వాత మీకు ఉత్తరం రాయాలనిపించేంత గొప్పగా ఉంది.

నిన్న గౌరీశంకర్ నన్ను ఇక్కడ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. బంధుగాం దగ్గర ఒక పల్లె నుంచి బిజయ్ హికాక అనే అతను కూతుర్ని తీసుకొచ్చాడు. పిల్లకి పదేళ్ళు ఉంటాయి. నాట్లు వేసే చేలో చీలమండ దగ్గర పాము కరిచింది. ఈ తండ్రి ఏం చేశాడనుకున్నారు? తువ్వాలు చింపి మోకాలి కింద బిగించి కట్టేశాడు. పిల్లని భుజాన వేసుకుని నడిచాడు, ట్రాక్టరెక్కాడు, జీపెక్కాడు, ఆరు గంటలు ఆ కట్టు విప్పలేదు. దారిలో ఎవరో విప్పమంటే వాళ్ళతో దెబ్బలాడాడట. మందు పడి పిల్ల బతికింది. పాదం మాత్రం నల్లబడిపోయింది. పాము కన్నా కట్టే ఎక్కువ చెడగొట్టిందని డాక్టరు అన్నాడు. పాదం సగం తీసేశారు.

ఇతనికి మన చిత్రం తెలీదా అంటే, చూశాడట. సంతలో, మొదటి వరసలో నిలబడి, రెండుసార్లు. కట్టు కట్టొద్దని ఐదు భాషల్లో మొత్తుకున్నాం కదా. ‘చూసి కూడా ఇలా చేసినవాడు’ అని ఒక చిన్న వీడియో తీద్దాం, మిగతావాళ్ళకి బుద్ధి వస్తుంది అని గౌరీశంకర్ ఆలోచన. అందుకే కెమెరాతో వెళ్ళాం.

ఆ మనిషి పార్వతీపురం వైపు కూలికి వెళతాడు కాబట్టి నాలుగు తెలుగు ముక్కలు వచ్చు. వార్డులో అందరి ముందూ అడిగాను. కళ్ళెదురుగా చెప్పింది కూడా బుర్రకెక్కదా అన్నాను. నీ పిల్ల కాలు నువ్వే తీసేశావు అన్నాను. తల వంచుకుని నిలబడ్డాడు. ఒకే మాట అన్నాడు.

“సినిమా సెప్పింది, సేసేను.”

అదే మాట మళ్ళీ మళ్ళీ. చూడండి, ఎంత మొండితనమో. తప్పు చేసి, అది మన మీదకే తోసేస్తున్నాడు. నర్సు కూడా నవ్వేసింది. పిల్ల తల్లి గోడవైపు తిరిగి కూర్చుంది. ఇతనికేసి చూడను కూడా చూడలేదు.

ఇలాంటి వాళ్ళకి ఎన్ని భాషల్లో చెప్పి ఏం లాభం? ఐదు కాదు, యాభై భాషల్లో చెప్పండి. వినేవాడికి వినాలని ఉండాలి. ఆ వీడియో తయారయ్యాక మీకే పంపుతాను. మీ నల్ల తెర మీద దించుదురు గాని.

విశాలాక్షి


రాయగడ,
జూలై 25.

విశాలాక్షి మేడమ్ గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ వీడియో తీసి ఉంటే ఎవరికీ చూపించకండి.

అతను సరిగ్గానే విన్నాడు. సరిగ్గా విన్నది సరిగ్గా చేశాడు.

ఏడో చిత్రం పాముకాటుది. దాని కువి ప్రాజెక్టులో మీరు పెట్టింది రామలక్ష్మి గారు మొదటిసారి చదివిన గొంతు. అంటే డాక్టరు ఎర్ర గీతలు గీయకముందు మీరు రాసిన స్క్రిప్టు. కాటుకి పైన గుడ్డతో గట్టిగా కట్టాలి, ఆసుపత్రికి చేరేదాకా ఎవరు చెప్పినా విప్పకూడదు అని అందులో ఉంది. ఎవరు చెప్పినా అని మీరే రాశారు. దారిలో అతను ఎందుకు దెబ్బలాడాడో ఇప్పుడు తెలిసిందా? బొమ్మలోనేమో కాలు కదలకుండా బద్ద పెట్టి వదులుగా గుడ్డ చుడుతున్నారు. ఆ గొంతుతో కలిపి చూస్తే అది కట్టు కట్టడమే. గౌరీశంకర్ గారి ఆఫీసులో ఒడియా, తెలుగు మాత్రమే చూసి మిగతావి ఒప్పుకున్నారు. కువి తెలిసినవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు.

ఇప్పుడు నా సంగతి. ఇది మీకు చెప్పకపోతే నేను మీకన్నా తక్కువ మనిషిని.

ఎర్ర గీతల స్క్రిప్టు గౌరీశంకర్ గారు నాకు కూడా పంపారు. ‘ఫైనల్’కీ ‘అసలు ఫైనల్’కీ తేడా ఏమిటో మే 20న మీకు రాసేటప్పుడే నాకు తెలుసు. అయినా మీకు ఫైలు పేర్లు మాత్రమే రాశాను. ‘కట్టు కట్టమనే గొంతు ఉండిపోయింది’ అని ఒక్క మాట రాసి ఉంటే మీరు ఎంత గర్విష్ఠి అయినా లేచి చూసేవారు. కావాలనే రాయలేదు. మీరు నన్ను తిడతారనీ, ఆఫీసులో ఎవరో పట్టుకుంటారనీ, విశాలాక్షి గారు ఇంత పెద్ద తప్పు చేశారని అందరి ముందూ పడుతుందనీ అనుకున్నాను. అది చూడాలని ఉండింది. మీరు ఇచ్చింది ఇచ్చినట్టు అన్నారు. నాకు అది చాలింది. ఆ వరస టైపు చేసి ఎంటర్ నొక్కాను. తయారైన వీడియో తెరిచి చూడను కూడా లేదు.

ఆ తండ్రితో మీరు వార్డులో అన్న మాట నా మీద అనాల్సింది. మీ మీద కూడా.

రోజారమణి


కొరాపుట్,
జూలై 26.

రోజారమణి గారికి,

మీ నాటకం బాగుంది. ఆరేళ్ళు నా దగ్గరుండి, నా మీద పగ ఇంత జాగ్రత్తగా దాచుకున్నారంటే మీలో ఏదో ఒక విద్య ఉందన్నమాటే.

నా ప్రాజెక్టు ఇప్పుడే తెరిచి చూశాను. నా దగ్గర ‘అసలు ఫైనల్’ ఉంది. దారులు మార్చింది మీరు. నలభై అయిదూ మీ చేతి మీదుగా వెళ్ళాయి. రెండరింగులో గొంతులు తారుమారయ్యాయని రేపు గౌరీశంకర్‌కి రాస్తున్నాను. మీ నల్ల తెర మీద ఏం జరిగిందో ఎవరు చూశారు? ముప్ఫై ఏళ్ళ పేరున్నదాన్ని నేను. మీ మాట ఎవరు నమ్ముతారో ఆలోచించుకోండి.

విశాలాక్షి


రాయగడ,
జూలై 27.

విశాలాక్షి మేడమ్ గారికి,

మీరు రాయకముందే రాశాను. మన ఉత్తరాలు మొదటినుంచీ అన్నీ, నిన్నటిది తప్ప, గౌరీశంకర్ గారికి పంపాను. నేను తెలిసి చేశానన్నది కూడా అందులో ఉంది. మీరు పంపిన డిస్కు నేను తాకకుండా నకలు తీసి దాచాను. మీ చేత్తో పెట్టిన గొంతు పేరు అందులో అలాగే ఉంది, మీరు చివరిసారి దాచుకున్న తేదీతో సహా. ఎడిటింగులో మీకు వంక పెట్టలేను గాని, అబద్ధం ఆడటంలో మీకు చేతిపని చాలదు మేడమ్.

వ్యాన్లన్నీ నిన్న మధ్యాహ్నమే ఆపేశారు. కువి చిత్రం ఏడు సంతల్లో పడింది. ఇంకెవరైనా కట్టు కట్టారేమోనని ప్రతి పల్లెకీ మనుషుల్ని పంపుతున్నారు. నన్ను ఈ పనినుంచి తీసేశారు. మిమ్మల్ని కూడా.

రోజారమణి


కొరాపుట్,
ఆగస్టు 11.

అమ్మీ,

మూడు ఉత్తరాలు రాసి కొట్టేశాను. మొదటిదాంట్లో నిన్ను తిట్టాను. రెండోదాంట్లో నాకు సర్దిచెప్పుకున్నాను. మూడోది గుర్తులేదు.

మే 21న నీకు ఆ నాలుగు ముక్కలు రాసే ముందు నేను ఆ ఫైలు తెరిచాను. ఇది ఎవరికీ చెప్పలేదు. ‘ఫైనల్’ విన్నాను. ‘అసలు ఫైనల్’ విన్నాను. రెండూ నాకు ఒకేలా వినిపించాయి. ఆ భాష నాకు ఎప్పుడూ ఒకేలా వినిపించేది. రామలక్ష్మికి ఒక్క ఫోను చేస్తే అర నిమిషంలో తేలిపోయేది. ఒక అంగన్‌వాడీ మనిషికి ఫోను చేసి, నువ్వు చదివినదాంట్లో ఏదేమిటో నాకు తెలియలేదు అని చెప్పాలి. అది నా నోట రాలేదు. మూసేసి నీకు రాశాను. ముఖాలు చదవగలనని నీ దగ్గర గొప్పలు పోయినదాన్ని, ఆ రోజు వార్డులో ఆ మనిషి ముఖాన ఉన్నది మొండితనం అనుకున్నాను.

గత వారం రామలక్ష్మిని వెంటపెట్టుకుని మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాను. గౌరీశంకర్ వస్తానన్నాడు గాని వద్దన్నాను. బిజయ్ హికాక పిల్ల మంచం పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మళ్ళీ తిట్టడానికి వచ్చాననుకున్నాడు. నేను చెప్పాను, రామలక్ష్మి కువిలో చెప్పింది. తెర మీద గొంతు కట్టమనే చెప్పింది, అది మా తప్పు, అతను విన్నది నిజమే అని. రామలక్ష్మి మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. ఆ గొంతు ఆవిడదే కదా. అది కూడా నాకు అప్పటిదాకా తట్టలేదు.

అతను కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా సరే అనుకున్నాను. అతను నన్ను కాదు, రామలక్ష్మిని ఏదో అడిగాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని చెప్పింది: “నాను తప్పు ఇన్నేదు గదా అంటన్నాడమ్మా. నాను సరిగ్గానే ఇన్నాను గదా అని అడుగుతన్నాడు.”

అవునన్నాను. అతను నేలమీద కూర్చుండిపోయాడు. ఈ మూడు వారాలూ తన చెవుల్ని తనే నమ్మలేదట. ఊళ్ళో వాళ్ళు పిల్లని కుంటిదాన్ని చేసినవాడు అంటున్నారట. భార్య ఆ రోజునుంచీ అతనితో మాట్లాడటం లేదట. నేను చెప్పినప్పుడు ఆవిడ అక్కడ లేదు, కింద అన్నం తేవడానికి వెళ్ళింది. ఆవిడకి కూడా చెబుతానన్నాను. అతను వద్దన్నాడు. గదిలో చెబితే సరిపోదట. సంతలో చెప్పారు కాబట్టి సంతలోనే, ఆ తెర మీదే, తన భాషలోనే చెప్పాలట.

అందుకని చేశాను. నిన్నటిదాకా రామలక్ష్మి దగ్గర కూర్చుని ఆ నాలుగు మాటలూ నేర్చుకున్నాను. కట్టమనడానికీ కట్టొద్దనడానికీ ఆ భాషలో తేడా మాట చివర ఒక చిన్న శబ్దం. అది నా నాలుకకి రావడానికి నాలుగు రోజులు పట్టింది. కెమెరా ముందు నేనే కూర్చున్నాను. నా పేరు చెప్పాను. పాటలూ టైటిళ్ళూ ఏమీ పెట్టలేదు. బిజయ్ హికాక మేము చెప్పినట్టే చేశాడు, మేము చెప్పింది తప్పు, కట్టు కట్టొద్దు, కాలు కదపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆ తర్వాత సరైన గొంతుతో ఏడో చిత్రం.

ఇది ఒక్కటి సంతలో వేయడానికి గౌరీశంకర్ ఒప్పుకున్నాడు. రామలక్ష్మి మొత్తం విని సరేనంది. ప్రాజెక్టు ఫైలు దీంతో పంపుతున్నాను. అన్నీ ఒకే ఫోల్డర్లో ఉన్నాయి. నా కంప్యూటరు మీద నేనే దించగలను, నీకు తెలుసు. నువ్వు చదివి దించితే బాగుంటుందని.

విశాలాక్షి


బంధుగాం,
ఆగస్టు 19.

మేడమ్ గారికి,

ఇది అంగన్‌వాడీ అరుగు మీద కూర్చుని ఫోనులో రాస్తున్నాను. బస్సుకి ఇంకా టైముంది. మీరు వస్తారనుకున్నాను. జ్వరమని గౌరీశంకర్ గారు చెప్పారు. నేను నమ్మలేదు. తెర మీద చెప్పినంత సులువు కాదు వీళ్ళ మధ్య నిలబడటం. అది మీకూ తెలుసు గనకే రాలేదు.

మీ ప్రాజెక్టు ఫైలు వరస వరసా చదివాను. తప్పేమీ లేదు. ఒకటి మాత్రం చేర్చాను, మిమ్మల్ని అడగకుండా. మీ తర్వాత నేను కూడా ఇరవై సెకన్లు ఉన్నాను. తప్పు ఉందని నాకు ముందే తెలుసనీ, తెలిసే పంపాననీ చెప్పాను. తెలుగులో నేను, దాని మీద కువిలో రామలక్ష్మి గారు. అది తనకి వినిపించాకే రెండర్ చెయ్యమని ఆవిడే పట్టుబట్టింది. దించాక మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూశాను. రామలక్ష్మి గారితో కలిసి ఇంకోసారి చూశాను.

సంత మధ్యాహ్నం నిండుగా ఉంది. వ్యాను పశువుల వైపు నిలిపారు. మొదట ఎవరూ పట్టించుకోలేదు. మీ నోట కువి వినేసరికి నలుగురు నవ్వారు. మీ ఉచ్చారణ అలా ఉంది, ఏమీ అనుకోకండి. బిజయ్ పేరు వచ్చాక నవ్వు ఆగింది. జనం వెనక్కి తిరిగి అతని కోసం చూశారు. అతను తెర ముందే ఉన్నాడు, పిల్లని వీపున కట్టుకుని. నా ముఖం వచ్చినప్పుడు నేను వ్యాను పక్కనే ఉన్నాను. ఒక ముసలాయన తెర వైపూ నా వైపూ చూసి నా కాళ్ళ దగ్గర ఉమ్మేశాడు. కదలలేదు నేను. కదలకూడదనే వెళ్ళాను.

అయిపోయాక డ్రైవరు వేరే ఊరు వెళ్ళాలని తెర దించబోయాడు. బిజయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. “ఇంకొకపాలి ఎయ్యి,” అన్నాడు. వేశారు. అదయ్యాక మళ్ళీ వెయ్యమన్నాడు. గొంతు పెంచలేదు, బతిమాలలేదు. వెయ్యి అన్నాడు అంతే. డ్రైవరు నాకేసి చూస్తే వెయ్యమన్నాను.

మూడోసారి సగంలో ఉండగా అతని భార్య వచ్చింది. అల్లం బుట్ట పక్కవాళ్ళకి అప్పజెప్పి వచ్చినట్టుంది, చేతులకి మట్టి ఉంది. మీరు చెప్పింది విన్నది. నేను చెప్పింది విన్నది. చివరిదాకా కదలకుండా నిలబడింది. అయిపోయాక రామలక్ష్మి గారిని అడిగింది, ఆ తెర మీద రెండో మనిషి ఈ పిల్లేనా అని. అవునని చెప్పింది ఆవిడ. బిజయ్ భార్య నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఏమన్నా పడదామని సిద్ధంగా ఉన్నాను. నన్ను దాటుకుని వెళ్ళి, భర్త వీపునున్న పిల్లని తన చంకన ఎక్కించుకుంది. అతనితో కువిలో ఏదో అని ముందు నడిచింది. అతను ఆవిడ వెనకే వెళ్ళిపోయాడు.

ఏమందని రామలక్ష్మి గారిని అడిగాను.

“బరువైపోనాది, ఇలాగియ్యి అంది,” అని చెప్పిందావిడ. “నెల్లాళ్ళయింది అతగాడితో మాటాడి.”

రోజారమణి